కోయకుండా తీసిన పైపులు

బుధవారం పొద్దున ఎనిమిది కాకముందే టాక్సీ డ్రైవరు ఫిడెన్సియో కారును తాడేసి లాక్కొచ్చి మెకానిక్కు కాస్తులో షెడ్డు ముందు వదిలారు. ముందునుంచి చూస్తే దానికేమీ అయినట్టు లేదు. తెల్లని బానెట్టు, అద్దం మీద ఎర్రరంగుతో రాసుకున్న ప్రార్థన, డ్రైవరు తన సీట్లోంచే అవతలి తలుపు లాక్కోవడానికి కట్టుకున్న నైలాను తాడు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. వెనక్కి వెళ్లి చూస్తేనే తెలిసేది. వోచో అని పిలుచుకునే ఆ బుల్లి గుండ్రటి కార్లకు ఇంజిను వెనకే ఉంటుంది. అక్కడంతా మాడిపోయిన మూకుడులా ఉంది.

కాస్తులో దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. అరవై రెండేళ్ల మనిషి. క్వాతెపెక్ కొండమీద తిరిగే ఇరవై ఆరు వోచో టాక్సీలకు పెట్రోలు పైపులూ వాటిని బిగించే క్లాంపులూ పద్దెనిమిదేళ్లుగా అతని చేతిమీదే మారుతున్నాయి. ఈ పద్దెనిమిదేళ్లలో తన చేతికొచ్చిన కారు ఒక్కటీ అంటుకోలేదని రోజుకొక్కసారైనా ఎవరో ఒకరితో అనకపోతే అతనికి అన్నం సయించేది కాదు. నిన్నటినుంచి ఆ మాట అనలేదు.

“చూశావా మేస్త్రీ?” అన్నాడు స్టాండు పెద్ద లిబ్రాదో. కార్లు ఏ వరసలో కదలాలో, ఎవడు స్టాండులో ఉండాలో, ఎవడు పోవాలో అతనే చెప్తాడు. మంచివాడే. తన స్టాండు జోలికి రానంతవరకూ మంచివాడు.

“ఏం చూడాలి? ఇంకా చెయ్యే పెట్టలేదు.”

“చెయ్యి పెట్టేదేముంది? వాడే ఒప్పుకున్నాడుగా. నిన్న పొద్దున పెట్రోలు వాసనేసిందంట. నీ దగ్గరికి రాకుండా మూతెత్తి, చాకు మొనతో క్లాంపు స్క్రూ అరతిప్పు తిప్పాడంట. వాసన పోయిందనుకుని బయల్దేరాడంట.”

“నా దగ్గరికి రావొచ్చుగా. ఎంత దూరం?”

“అదే నేననేది. ఆదివారం మీటింగులో నువ్వీ ముక్క అంటే చాలు. పెట్రోలు లైను మీద మేస్త్రీ తప్ప ఇంకోడు చెయ్యెయ్యకూడదని రూలుందా లేదా? రూలు తప్పాడు, స్టాండులోంచి పోతాడు. మిగతావాళ్లం బతుకుతాం.”

మంగళవారం మధ్యాహ్నం రెండింటికి జరిగింది అది. కొండమీది ఆఖరి మలుపు ఎక్కుతుండగా వెనకనించి భగ్గుమంది. కారులో ఉన్నది దోన్యా ఉబాల్దా ఒక్కతే. సంతలో నాగజెముడు మట్టలు ముళ్లు తీసి అమ్ముకునే ముసలామె. టాక్సీ వోచోలకు డ్రైవరు పక్క సీటు పీకేస్తారు, జనం వెనక సీట్లోకి ఎక్కాలి కదా. ఆ వెనక సీటుకి ఆనుకునే ఇంజిను. కాళ్ల దగ్గర బుట్ట అడ్డం పడి ఆమె లేవలేకపోయింది, లంగా అంటుకుంది. ఫిడెన్సియో లోపలికి దూరి ఒట్టి చేతులతో ఆమెని బయటికి ఈడ్చాడు. తోర్తియా రొట్టెల కొట్టు ఆడవాళ్లు పక్కన ఇల్లు కట్టే చోటినుంచి ఇసక తట్టలతో తెచ్చి ఇంజిను మీద కుమ్మరించారు. అందుకే కారు పూర్తిగా కాలలేదు.

ఉబాల్దా అతనికి జ్ఞానతల్లి, బాప్తిస్మమప్పుడు బిడ్డ బాధ్యత తీసుకున్న మనిషి. అతనికే కాదు, ఆ కారుకి కూడా. కారు కొన్న రోజున గుడి ముందు పాదిరిగారు మంత్రజలం చల్లుతుంటే బానెట్టు మీద చెయ్యేసి నిలబడ్డది ఆమే.

లిబ్రాదో వెళ్లిపోయాక కాస్తులో పని మొదలుపెట్టలేదు. పెట్టనివ్వలేదు కూడా. తొమ్మిదినించీ కార్లు ఒకదాని వెనక ఒకటి షెడ్డు ముందు నిలబడ్డాయి. అందరికీ భయం పట్టుకుంది.

“మేస్త్రీ, నాది ఒక్కసారి చూడవా? ఇవాళ మా ఆవిడ ముద్దు కూడా పెట్టలేదు, ఇన్సూరెన్సు కాయితాలు ఎక్కడున్నాయని అడిగింది,” అన్నాడు సెఫెరీనో. స్టాండులో నోరెక్కువ మనిషి, కారు అందరికంటే పాతది.

“ఉందా ఇన్సూరెన్సు?”

“లేదు. అందుకే ముద్దు పెట్టలేదు.”

అందరూ నవ్వారు. కాస్తులో కూడా నవ్వి, సెఫెరీనో కారు వెనక మూత ఎత్తాడు. ఇంజిను పంపు నించి కార్బురేటరు దాకా గుడ్డ అల్లిక చుట్టిన రబ్బరు పైపు, జానెడు కంటే కాస్త పొడవు. రెండు చివర్లా క్లాంపులు. వేలితో రాసి వాసన చూశాడు. స్క్రూ బిగువు చూశాడు. క్లాంపు రబ్బర్ని కోస్తోందేమో చూశాడు. “బాగుంది పో,” అన్నాడు. ఆ పూట పదకొండు కార్లకు అలాగే చెప్పాడు. చెప్పినవాడికీ విన్నవాళ్లకీ గుండె కుదుటపడింది.

పైపుల సంగతిలో ఆ స్టాండుకి ఒక ఆచారం ఉంది. గుడ్డ అల్లిక పైపు పైకి ఎప్పుడూ కొత్తగానే ఉంటుంది, లోపలి రబ్బరు పగిలిపోయినా తెలియదు. అందుకని చూడ్డానికి ఎలా ఉన్నా సరే, ఏటా జూలైలో డ్రైవర్ల పునీతుడు సాన్ క్రిస్తోబాల్ పండగకి ముందు వారం ఇరవై ఆరు కార్లకూ కొత్త పైపులు వేయాలి. పాత పైపును పారేయరు. రిబ్బను కట్టి స్టాండులో పునీతుడి పటం కింద వేలాడదీస్తారు, ఏడాదంతా కాపాడినందుకు మొక్కు. అది తెగకుండా ఉండాలి. కోసిన పైపు మొక్కుకి పనికిరాదు, పైగా ఆ కారుకి అరిష్టం. అందుకని కాస్తులో పైపును కత్తితో చీల్చడు. క్లాంపు వదులు చేసి, పైపును పిడికిట పట్టి, ఇటూ అటూ మెలితిప్పి, చిన్న కుదుపుతో లాగుతాడు. ముక్క చెదరకుండా పాము కుబుసంలా ఊడివస్తుంది. కుర్ర మెకానిక్కులకు ఆ మణికట్టు రాదని డ్రైవర్లు గొప్పగా చెప్పుకుంటారు.

సాయంత్రం కాస్తులో భార్య అంపారో ఆస్పత్రి నించి వచ్చింది. సంతలో ఉబాల్దా గంప పక్కనే ఆమె మిరపకాయలు అమ్ముతుంది. ముప్పై ఏళ్ల స్నేహం.

“ఎలా ఉంది?”

“నడుం కిందంతా కాలింది. నోటికి మాత్రం ఏం కాలేదు. దుప్పటి కప్పడం రాదా అని నర్సుని తిట్టిపోసింది.” ఖాళీ గిన్నె తొట్టి దగ్గర పెట్టి శాలువా కొసతో మొహం తుడుచుకుంది. “ఫిడెన్సియో గేటు బయట అట్టముక్క పరుచుకుని కూర్చున్నాడు. రెండు చేతులకీ కట్లు. వాడిని లోపలికి రానివ్వద్దందట.”

“కాపాడినవాడినా?”

“అంబులెన్సులో అడిగిందట, ఇది నీ చేతి పనేనా రా అని. నాదేనమ్మా అన్నాడట, వెధవ. అప్పట్నించీ వాడి పేరెత్తితే మొహం గోడకి తిప్పుకుంటోంది.” అంపారో కాలిపోయిన కారు వైపు చూసింది. “నాతో ఏమందో తెలుసా? ‘మీ ఆయన ఆ కారు విప్పుతున్నాడు కదా, వాడి తప్పేనంటే నా కంటికి కనబడొద్దు, నా శవం కూడా మొయ్యొద్దు. కాదంటే ఇప్పుడే వాణ్ణి పిలువు. నన్ను ఊరుకోబెట్టడానికి ఉత్తమాట చెప్పొద్దు, మేస్త్రీ చూసి చెప్పిన మాటే కావాలి,’ అంది.”

“రేపు చూస్తా,” అన్నాడు కాస్తులో.

అప్పటికతను ఫిడెన్సియో తప్పే బయటపడుతుందనుకుంటున్నాడు. అలా కావాలనే కోరుకుంటున్నాడని కూడా చెప్పాలి.

గురువారం పొద్దున షట్టరు సగం దించుకుని కూర్చున్నాడు. ఇసక ముందు చీపురు పుల్లలతో, తర్వాత పాత పెయింటు బ్రష్షుతో తీశాడు. గాలి వడపోసే డబ్బా నల్లగా కమిలిపోయింది, దాన్ని ఊడబెరికాడు. కింద కార్బురేటరు మసిపట్టి ఉంది కానీ కరగలేదు, ఇసక సమయానికి పడింది. దీపం దగ్గరికి జరిపి పైపు కోసం వెతికాడు. పంపు వైపు చివర చోటు కదలకుండా ఉంది. పైచివర లేదు.

అది కింద, ఇంజిను రేకు మీద పడి ఉంది. గుడ్డ అల్లిక బూడిదైపోయింది, రబ్బరు బొగ్గయింది, ముట్టుకుంటే రాలుతోంది. క్లాంపు మాత్రం గట్టిగా పట్టుకునే ఉంది. పైపు ఊడితే క్లాంపు వదులై ఉండాలి, లేదా రబ్బరు తెగి ఉండాలి. ఆ రెండూ కాలేదు. క్లాంపును గుడ్డతో తుడిచి దీపానికి ఎదురుగా పెట్టాడు. దాని నడుమ, బొగ్గు పొరలో, చిటికెన వేలి ముక్కంత ఇత్తడి గొట్టం మెరిసింది.

కాస్తులోకి కాసేపు అర్థం కాలేదు. తర్వాత కార్బురేటరు వైపు చూశాడు. పెట్రోలు లోపలికి వెళ్లే ఇత్తడి ముక్కు ఉండాల్సిన చోట గుండ్రటి బొక్క ఉంది. పళ్లూడిన నోరులా నున్నగా ఉంది.

ఆ ముక్కుకి మరలు ఉండవు. ఫ్యాక్టరీలో బిగువుగా కొట్టి దించుతారు, అంతే. పైపు తెగలేదు. క్లాంపు చక్కగా బిగిసి ఉంది. రెండూ కలిసి ముక్కునే పట్టుకుని బయటికొచ్చాయి. ఇంజిను నడుస్తూనే ఉంది, పంపు కొడుతూనే ఉంది, పెట్రోలు తిన్నగా వేడి ఇంజిను మీదా నిప్పురవ్వల మీదా పడింది.

ముందు అతనికి తట్టింది ఫిడెన్సియో చాకే. స్క్రూ తిప్పితే ముక్కు కూడా కదిలి ఉంటుంది కదా, వాడి అరతిప్పుకే ఊడి ఉంటుంది కదా అనుకున్నాడు. ఆ ఆలోచన పట్టుకుని ఒక కాఫీ తాగాడు. మనసు ఊరుకోలేదు. అటకమీంచి పాత కార్బురేటరు ఒకటి దించాడు, ఎప్పుడూ ఎవరూ పైపు తీయనిది. దానికి పైపు ముక్క తొడిగి, క్లాంపు వేసి, చాకు మొనతో అరతిప్పు తిప్పాడు. మళ్లీ వదులు చేసి మళ్లీ తిప్పాడు. ఇరవైసార్లు, ముప్పైసార్లు తిప్పాడు. ముక్కు వెంట్రుకవాసి కదల్లేదు.

తర్వాత పైపును పిడికిట పట్టి తను తీసే పద్ధతిలో మెలితిప్పాడు. ఇటూ అటూ, చిన్న కుదుపు. పైపు ఊడింది. మళ్లీ తొడిగి మళ్లీ తీశాడు. తొమ్మిదోసారికి ముక్కు అతి కొద్దిగా గిర్రున తిరిగింది.

ఫిడెన్సియో కారుకి ఎన్ని పండగలకి పైపులు మార్చాడో వేళ్లమీద లెక్కపెట్టబోయి మానేశాడు. ఎవరో శ్రద్ధలేనివాడు కత్తితో కోసి తీసి ఉంటే ఆ ముక్కు ఇంకా పదేళ్లు ఉండేది. ఏటా తప్పకుండా, శ్రద్ధగా, కోయకుండా తీశాడు కాబట్టే వదులైంది. ఫిడెన్సియోకి వచ్చిన పెట్రోలు వాసన ఆ ముక్కు పక్కనించి ఊరిందే. వాడు క్లాంపు ఎంత బిగించినా ఒరిగేదేమీ లేదు.

అంతలో షట్టరు మీద ఎవరో కొట్టారు.

“మేస్త్రీ! నిద్రా, ప్రార్థనా?” సెఫెరీనో గొంతు. “నిన్న బాగుందన్నావు కానీ వాసన మళ్లీ వస్తోందనిపిస్తోంది. నా భయమే వాసనేస్తోందేమో కూడా.”

కాస్తులో కాలిన ముక్కను గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకుని బయటికొచ్చాడు. సెఫెరీనో కారు మూత ఎత్తాడు. ఈసారి క్లాంపు వైపు చూడలేదు. రెండు వేళ్లతో ముక్కుని పట్టుకుని తిప్పాడు. కదిలిన పన్నులా అది ఆడింది.

చెప్పాల్సింది అప్పుడే. ఎదురుగా మనిషి ఉన్నాడు, చేతిలో ముక్కు ఉంది. చెప్తే సాయంత్రానికి మిగిలిన ఇరవై అయిదు కార్లూ ఆగిపోతాయి, ఆగిన ప్రతి కారు వెనకా తన పేరుంటుంది. కాస్తులో పనిముట్ల పెట్టెలోంచి చిన్న సుత్తి తీశాడు, చెక్కముక్క అడ్డం పెట్టి ముక్కుని రెండు దెబ్బలు కొట్టి లోపలికి దించాడు. వేలితో కదిపి చూశాడు. గట్టిగానే ఉంది, ప్రస్తుతానికి.

“ఏంటది?” అన్నాడు సెఫెరీనో.

“ఏం లేదు. పో.”

“సుత్తితో కొట్టి ఏం లేదంటావేంటి? మా ఆవిడకి ఏం చెప్పను?”

“ముద్దు పెట్టమను,” అన్నాడు కాస్తులో. సెఫెరీనో నవ్వుతూ వెళ్లాడు. ఆ జోకు వేసినందుకు కాస్తులోకి తనమీద తనకే రోత పుట్టింది.

ఆదివారం మీటింగులో చెప్తాను, అనుకున్నాడు. అందరి ముందూ ఒకేసారి చెప్పడమే పద్ధతి. ఒక్కొక్కడికీ చెప్పుకుంటూ పోతే మాట మారిపోతుంది. ఇలాంటి మంచి కారణాలు అతనికి ఆ సాయంత్రంలోగా నాలుగైదు దొరికాయి. అంపారో ఆస్పత్రి నించి వచ్చి, “చూశావా?” అనడిగితే, “ఇంకా సగమే విప్పాను,” అన్నాడు. ఆమె మొహంలోకి చూడలేదు.

“ఇవాళ నా కోడి పులుసు తాగింది. సగం గిన్నె,” అంది అంపారో. “ఉప్పు తక్కువైందని వంక పెట్టింది. నీ మాట కోసం చూస్తోంది, తెలుసా? నేను గుమ్మంలోకి రాగానే అదే అడుగుతోంది.”

శుక్రవారం పదకొండింటికి ఫిడెన్సియో వచ్చాడు. ముప్పై రెండేళ్ల మనిషి, మూడు రోజుల్లో కుంచించుకుపోయాడు. రెండు చేతులూ మోచేతుల దాకా తెల్లటి కట్లు. వాటిని ఒంటికి తగలకుండా ముందుకు చాపి నడుస్తున్నాడు, ఎవరివో వస్తువులు మోస్తున్నట్టు. బస్సులో వచ్చాడట, కండక్టరే జేబులోంచి చిల్లర తీసుకున్నాడట.

తన కారు వైపు చూడలేదు. స్టూలు చూపిస్తే కూర్చోలేదు.

“చూశారా మేస్త్రీ?”

“చూస్తున్నా.”

“నేనే కదా?”

కాస్తులో ప్లయరు తుడుస్తున్నాడు. అది శుభ్రంగానే ఉంది. “ఇంకా పూర్తిగా తేలలేదు,” అన్నాడు.

“నాకు స్టాండు అక్కర్లేదు. లిబ్రాదో వెళ్లగొడితే వెళ్లగొట్టనివ్వండి, ఇంకెక్కడన్నా బతుకుతా.” గోడకి భుజం ఆనించాడు. “అమ్మ నన్ను లోపలికి రానివ్వట్లేదు. నాకు తొమ్మిదేళ్లప్పుడు కన్నతల్లి పోతే చెయ్యి పట్టుకుని తన ఇంటికి తీసుకెళ్లింది ఆవిడ. ఆ రోజు నించీ ఒక్క పూట నా మీద కోపంగా పడుకోలేదు. తిట్టాలనుకుంటే తిట్టేసి, అన్నం పెట్టి పడుకునేది. ఇప్పుడు మూడు రోజులైంది.”

“తగ్గుతుందిలే.”

“ఆవిడ మీ మాట నమ్ముతుంది. నాదే అయితే నాదేనని కబురు పెట్టండి, గేటు దగ్గరనించి లేచి పోతాను. కాకపోతే కాదని చెప్పండి. ఏదో ఒకటి. నిజంగా నాకూ తెలీట్లేదు మేస్త్రీ. తిప్పింది అరతిప్పే. అంతకే ఇంత అవుతుందా?” చేతులు రెండూ అతని ఎదుట చాపాడు. “ఈ చేతులేనా?”

కాస్తులో చొక్కా జేబులో గుడ్డ మూట ఉంది. ఛాతీకి తగులుతోంది. చెయ్యి అటు వెళ్లింది కూడా, వెళ్లి సిగరెట్టు పెట్టె తీసింది.

“ఆదివారం మీటింగులో చెప్తా. అందరి ముందూ చెప్తా. రెండు రోజులేగా.”

ఫిడెన్సియో అతని మొహం వైపు చూస్తూ నిలబడ్డాడు. “ఆవిడకి మూత్రం సరిగ్గా రావట్లేదంటున్నారు డాక్టర్లు,” అన్నాడు. “సరే మేస్త్రీ. ఆదివారం.” కట్లు కట్టిన చేతుల్ని అలాగే ముందుకు చాపుకుని దిగువకు వెళ్లిపోయాడు. బస్సు దాకా అర మైలు. కాస్తులో తన వోచో తాళాలు జేబులో ఉండి కూడా దింపుతానని అనలేకపోయాడు.

శనివారం మధ్యాహ్నం అంపారో పులుసు గిన్నెకి మూత కడుతోంది. కాస్తులో పళ్లెం ముందు కూర్చుని బీన్సు కెలుకుతున్నాడు.

“నిన్న సాయంత్రం వాడి పేరు తనే తెచ్చింది,” అంది అంపారో, తనలో తను అన్నట్టు. “గేటు దగ్గర చలిగా ఉంటుందా అని అడిగింది. అంతే. మళ్లీ గోడవైపు తిరిగింది. మనిషి నీరసించిపోతోంది. నువ్వేమో ఆ కారు ముందు కూర్చుని తపస్సు చేస్తున్నావు.”

“అంపారో.” జేబులోంచి గుడ్డ మూట తీసి బల్లమీద పెట్టాడు. “వాడి చెయ్యి కాదు. నాది.”

ఆమె మూట విప్పి చూసింది. ముప్పై ఆరేళ్లు మెకానిక్కుతో కాపురం చేసింది, రెండు ముక్కల్లో చెప్తే అర్థమైంది. అరవలేదు. చేతులు తుడుచుకోలేదు. ఆ ఇత్తడి ముక్కునీ క్లాంపునీ పిడికిట పట్టుకుని, వంట గుడ్డ నడుముకి ఉండగానే వీధిలోకి వెళ్లింది. పులుసు గిన్నె బల్లమీదే ఉండిపోయింది.

ఆస్పత్రి దగ్గరికి రెండు బస్సులు మారాలి. మూడున్నరకి గేటు చేరింది. ఫిడెన్సియోకి అది చూపించి, “నీది కాదురా, నీది కాదు,” అంది. వాడు కాపలావాడిని భుజంతో తోసేసి మెట్లెక్కాడు, ఆమె వెనకే పరిగెత్తింది. వాళ్లిద్దరూ వెళ్లేసరికి ఉబాల్దా గొంతులో గొట్టం ఉంది. మధ్యాహ్నం పన్నెండింటికి ఊపిరి ఆడకపోతే మత్తిచ్చి పెట్టారట. ఫిడెన్సియో మంచం పక్కన మోకాళ్లమీద కూర్చుని చెవిలో చెప్పాడు. అంపారో రెండో చెవిలో చెప్పింది, మేస్త్రీ చూశాడు, మేస్త్రీయే చెప్పాడు అని. ఆమెకి వినబడదమ్మా అంది నర్సు. అయినా చెప్పారు. ఆదివారం తెల్లవారాక ఆరింటికి ఆమె ప్రాణం పోయింది. ఒక్కసారీ కళ్లు తెరవలేదు.

మీటింగు వాయిదా వేస్తారనుకున్నాడు కాస్తులో. వేయలేదు. పదింటికి స్టాండులో, పునీతుడి పటం కింద, రిబ్బన్లు కట్టిన పాత పైపుల వరస కింద, ఇరవై అయిదు మంది డ్రైవర్లు నిలబడ్డారు. ఫిడెన్సియో కూడా వచ్చాడు. శవం ఇంటికి రావడానికి రెండవుతుందని చెప్పారట. ఎవరో వెతికిచ్చిన నల్ల చొక్కా వేసుకున్నాడు, బొత్తాలు ఎవరో పెట్టారు.

లిబ్రాదో టోపీ తీశాడు. అందరూ తీశారు. ఒక నిమిషం మౌనం అయ్యాక అతను గొంతు సవరించుకున్నాడు. “మనసుకి కష్టమే. కానీ రూలు రూలే. పెట్రోలు లైను మీద…”

“ఆగు లిబ్రాదో,” అన్నాడు కాస్తులో.

ముందుకొచ్చి, అంపారో దగ్గరనించి తిరిగి తీసుకున్న ఇత్తడి ముక్కునీ క్లాంపునీ బల్లమీద పెట్టాడు. చెప్పాల్సిందంతా నాలుగు వాక్యాల్లో చెప్పాడు. పైపు తెగలేదు. క్లాంపు వదలలేదు. ముక్కే ఊడింది. దాన్ని ఏటా కొంచెం కొంచెం వదులు చేసింది తన మణికట్టు.

లిబ్రాదో మొహం ఎర్రబడింది. “మేస్త్రీ, ఇప్పుడెందుకిది? ముసలామె పోయింది. నీకు బాధగా ఉంది, అందరికీ ఉంది. నీ మాట పట్టుకుంటే ఇవాళ ఇరవై అయిదు కార్లు ఆపాలి.”

“ఆపాలి.”

ఎవరూ అతన్ని కొట్టలేదు. కొడితే బాగుండుననిపించింది. ఒకడు మెల్లిగా వెళ్లి తన కారు వెనక మూత ఎత్తాడు. ఆ తర్వాత ఇంకొకడు. అయిదు నిమిషాల్లో వరసలోని మూతలన్నీ లేచాయి, ఒక్కొక్కరూ వేళ్లు పెట్టి ముక్కుల్ని కదిపి చూసుకుంటున్నారు. మూడో కారు దగ్గర ఒకడి చేతిలోకి పైపూ క్లాంపూ ముక్కూ కలిసి వచ్చేశాయి. వాడు వాటిని పైకెత్తి చూపించాడు. శుక్రవారం సాయంత్రం ఆ కారులో బడిపిల్లలు ఆరుగురు ఎక్కారు.

మొత్తం నాలుగు కార్లవి చేతిలోకొచ్చాయి. ఇంకో ఏడు ఆడుతున్నాయి.

లిబ్రాదో టోపీ మళ్లీ పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. “ఫిడెన్సియో,” అన్నాడు, “వరసలో నీ నంబరు నీకే ఉంటుంది. స్టాండు తరఫున… నన్ను క్షమించరా.” ఫిడెన్సియో తలూపాడు. విన్నాడో లేదో చెప్పలేం.

సెఫెరీనో తన కారు దగ్గరనించి వచ్చాడు. వాడి మొహంలో నవ్వు లేదు. “నాది గట్టిగానే ఉంది మేస్త్రీ,” అన్నాడు. “గురువారం నువ్వు సుత్తితో రెండు దెబ్బలు కొట్టావే, ఇందుకేనా?”

కాస్తులో నేలవైపు చూశాడు. “ఇందుకే,” అన్నాడు.

“గురువారమే తెలుసన్నమాట.”

“తెలుసు.”

సెఫెరీనో ఒక అడుగు వెనక్కి వేశాడు. స్టాండు అంతటా కారు మూతలు నోళ్లు తెరిచినట్టు ఉన్నాయి, మనుషులందరూ ఇటే చూస్తున్నారు. ఫిడెన్సియో కదిలి కాస్తులో ఎదుటికి వచ్చాడు. అతనికి కోపం వచ్చి ఉంటే ఎవరో ఒకరు అడ్డం వెళ్లేవారు. అతని గొంతులో కోపం లేదు, అర్థం చేసుకోవాలని చూస్తున్నవాడి గొంతు అది.

“గురువారం ఆవిడ పులుసు తాగింది మేస్త్రీ,” అన్నాడు. “ఉప్పు తక్కువైందని వంక పెట్టిందట. శుక్రవారం పొద్దున నేను మీ షెడ్డుకొచ్చి, ఈ చేతులు చాపి అడిగాను. మీరు ఆదివారం అన్నారు.”

కాస్తులో తన చేతులు రెండూ జేబుల్లోకి దోపుకున్నాడు.

“శనివారం పన్నెండింటి దాకా ఆవిడకి చెవులు వినబడ్డాయి,” అన్నాడు ఫిడెన్సియో. కట్లు కట్టిన చేతుల్ని ముందుకు పట్టుకుని, శవాన్ని కడగడానికి ఎవరున్నారో చూసుకోవాలని ఇంటివైపు కొండ ఎక్కడం మొదలుపెట్టాడు.